బీవోని గ్రౌండ్ నుంచి పంపెయ్యకండి: కాలేజీ ఆటల పెద్దలకీ, జంతు ప్రేమికులకీ, టెక్సాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకీ బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. బీవో అనే ఎద్దుని మ్యాచ్‌లకి రాకుండా చెయ్యొద్దన్న సంగతి మీద రాయాల్సిన చోటికి ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను. మీ మెసేజ్ అందింది అన్న ఆటోమేటిక్ రిప్లై తప్ప ఇంకేమీ రాలేదు. ఫోన్ చేస్తే సంబంధిత విభాగానికి పంపిస్తాం అన్నారు, అది జరిగి కూడా నెలలయింది. అందుకే ఇప్పుడు నాకు పుట్టుకతో వచ్చిన భాషలో, నలుగురి ముందూ రాస్తున్నా. మాది ప్రకాశం జిల్లాలో రైతు కుటుంబం. ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను, ఇప్పుడూ ఈ ఊళ్ళోనే ఉద్యోగం.

బీవో అంటే మా యూనివర్సిటీ మస్కట్, అంటే ఆటల జట్టుకి గుర్తుగా ఉండే జంతువు. బొమ్మ వేషం కాదు, ప్రాణమున్న ఎద్దు, లాంగ్‌హార్న్ జాతి. ఇంగ్లీషులో స్టీర్ అంటారు, అంటే మన ఎద్దే, చిన్నప్పుడే విత్తులు కొట్టించినది, కోడె కాదు, ఆంబోతు అసలే కాదు. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, దీని గురించి మాట్లాడేవాళ్ళలో చాలామంది బుల్ బుల్ అని రాస్తుంటారు, చదివినవాళ్ళకి కొమ్ములు విసిరే ఆంబోతుని జనం మధ్యలో వదిలారేమో అన్న భయం పుడుతుంది.

1916లో థాంక్స్‌గివింగ్ రోజున మా పాత ప్రత్యర్థి యూనివర్సిటీ టెక్సాస్ ఏ అండ్ ఎం తో ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మొదటి బీవోని జనానికి చూపించారు. 124 మంది పూర్వ విద్యార్థులు తలా ఒక డాలర్ వేసుకుని కొన్న ఎద్దు అది. ఆ రోజు 21-7 తో గెలిచాం. ఆ తర్వాత జరిగింది మాత్రం గొప్పగా చెప్పుకునేది కాదు, అదీ చెప్తాను. 1917 ఫిబ్రవరిలో ఏ అండ్ ఎం కుర్రాళ్ళు దొంగచాటుగా వెళ్ళి దాని ఒంటి మీద 13-0 అని వాతలు పెట్టారు, అది 1915లో వాళ్ళు మమ్మల్ని ఓడించిన స్కోరు. ఆ తర్వాత మేత ఖర్చు భరించలేక 1920లో ఆ ఎద్దుని కోసి విందు పెట్టుకున్నారు, ఏ అండ్ ఎం వాళ్ళని కూడా భోజనానికి పిలిచారు. ఇది మా చరిత్రే. జంతు ప్రేమికులు దీన్ని ఎత్తిచూపిస్తే నాకు కోపం రాదు, చూపించాలి కూడా. కానీ అక్కడి నుంచి ఎంత దూరం వచ్చామో కూడా చూడమని అడుగుతున్నా. పద్నాలుగో బీవో 2004 నుంచి 2015 దాకా పనిచేసి, జబ్బు చేసి చనిపోతే యూనివర్సిటీ మొత్తం ఏడ్చింది. పదిహేనో బీవో 2016 సెప్టెంబర్ 4న నోటర్‌డామ్ యూనివర్సిటీతో జరిగిన మ్యాచ్‌కి మొదటిసారి వచ్చాడు. వాడు ఉండేది క్యాంపస్‌లో బోనులో కాదు, ఆస్టిన్‌కి వాయవ్యంగా లిబర్టీ హిల్ దగ్గర పశువుల రాంచ్‌లో. మ్యాచ్ రోజున వస్తాడు, అయిపోగానే ఇంటికెళ్ళిపోతాడు.

ఇక ఈ ఉత్తరం ఎందుకంటే, 2024 జులైలో మా యూనివర్సిటీ ఎస్ఈసీ (సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్, కొన్ని యూనివర్సిటీల జట్లు కలిసి ఆడే లీగ్) లోకి మారింది, మొదటి ఏడాదే ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కి చేరింది, డిసెంబర్ 7న అట్లాంటాలో జార్జియా యూనివర్సిటీతో. ఆ మ్యాచ్‌కి బీవో రావడం కుదరదు, సైడ్‌లైన్ దగ్గర, అంటే గ్రౌండ్ అంచున, చోటు చాలదు అని కాన్ఫరెన్స్ చెప్పేసింది. ఓవర్‌టైమ్‌లో 22-19 తో ఓడిపోయాం, అది ఆట, దాని గురించి కాదు నా బాధ. ఒకసారి చోటు లేదన్నారు, రేపు ఇన్సూరెన్స్ అంటారు, ఎల్లుండి అసలు ఎందుకివన్నీ అంటారు. వందేళ్ళు దాటిన ఆనవాయితీ ఇలాగే పోతుంది, ఎవరూ నిషేధించకుండానే. మన ఊళ్ళల్లో ఎన్ని పోయాయో నేను కళ్ళారా చూశాను.

మా నాన్న సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే నా మాట అర్థం కాదు.

నాన్నకి అరవై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు ఒంగోలు ఎడ్లతో సేద్యం చేశాడు, ట్రాక్టర్ వచ్చాక కూడా ఒక జత అమ్మకుండా ఉంచుకున్నాడు. ఆరు నెలల వీసా మీద వచ్చినప్పుడు ఒక సెప్టెంబర్ శనివారం మ్యాచ్‌కి తీసుకెళ్ళా. ఫుట్‌బాల్ ఆయనకి అర్థం కాదు, ఎండలో అంతమంది నారింజ రంగు చొక్కాలేసుకుని ఎందుకు అరుస్తున్నారో అర్థం కాలేదు. స్టేడియం బయట శాన్ జసింటో రోడ్డు మీద బీవోని నడిపించుకొస్తుంటే మాత్రం నా చెయ్యి వదిలేసి జనంలోంచి ముందుకెళ్ళిపోయాడు.

ఒక ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. నేను కొమ్ములు చూస్తున్నా, అంత పొడుగు కొమ్ములు చూస్తే ఎవరైనా వాటినే చూస్తారు. ఆయన కొమ్ముల వంక చూడనే లేదు. ముందు డెక్కలు చూశాడు, తర్వాత ముట్టె తడిగా ఉందా లేదా చూశాడు, చెవులు ఎటు తిప్పుతోందో చూశాడు, తోక చూశాడు. "మూపురం లేదేందిరా దీనికి" అన్నాడు. "ముకుతాడు కూడా వెయ్యలేదే" అన్నాడు. నిజమే, ముక్కులో తాడు లేదు, మొహానికి తలకట్టు, దానికి పలుపు, పలుపు పట్టుకుని ఇరవై ఏళ్ళ పిల్లలు.

తర్వాత లోపల మా సీట్లు కింది వరసల్లో, బీవో ఉండే మూలకి దగ్గరగా పడ్డాయి. టచ్‌డౌన్ పడగానే, అంటే మావాళ్ళకి పాయింట్లు రాగానే, ఫిరంగి పేల్చారు. లక్షమంది స్టేడియం, ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డా. బీవో గడ్డి మీద పడుకునే ఉంది. ఒక చెవి విదిలించింది, దవడ ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ ఆడటం మొదలైంది. నాన్న నా మోచెయ్యి పట్టుకుని అన్నాడు, "బెదిరిన గొడ్డు నెమరెయ్యదురా. దాని దవడ చూడు. దానికి ఇక్కడ భయం లేదు, మనకే ఉంది."

నేను కంప్యూటర్లు చదువుకున్నాను, పశువుల డాక్టర్ని కాదు. కానీ భయపడినప్పుడూ నొప్పిగా ఉన్నప్పుడూ గొడ్డు నెమరు ఆపేస్తుందన్నది పశువైద్యులూ చెప్పేదే, మన ఊళ్ళో ఏ రైతునడిగినా చెప్తాడు, పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళి ముందు చూసేది అదే. నా వాదన అంతా దీని మీదే నిలబడి ఉంది. ఆ ఎద్దు సుఖంగా ఉందా లేదా అన్నది మనం ఊహించుకోనక్కర్లేదు, అదే చెప్తుంది. చూసే కళ్ళుంటే చాలు.

జంతు ప్రేమికులు చెప్పే మాటల్లో గట్టివి ఉన్నాయి, వాటికి జవాబు చెప్పకుండా తప్పించుకోను. 2019 జనవరి 1న న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్ అనే పెద్ద కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు బీవో బారికేడ్ తోసుకుని జార్జియా వాళ్ళ మస్కట్, ఊగా అనే బుల్‌డాగ్ కుక్క వైపు దూకింది. వీడియో ప్రపంచమంతా చూసింది. అదృష్టం కొద్దీ ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, కుక్కకి కూడా ఏమీ కాలేదు. ఆ తర్వాత జంతు హక్కుల సంస్థ పెటా వాళ్ళు రెండు యూనివర్సిటీలూ బతికున్న మస్కట్లని మానెయ్యాలన్నారు. నేనూ ఆ వీడియో చాలాసార్లు చూశా. పశువులు కాసినవాడెవడైనా చెప్పేది ఒకటే, ఎద్దు ముందుకి కుక్కని తీసుకురాకూడదు, పైగా ఇరుకు జాగాలో, తేలికపాటి ఇనప కంచె పెట్టి, చుట్టూ కెమెరాలు పెట్టి. తప్పు అక్కడ జరిగింది, ఆ తప్పు మనుషులది. దానికి పరిష్కారం దూరం, గట్టి కంచె. ఎద్దుని శాశ్వతంగా ఇంట్లో కూర్చోబెట్టడం కాదు.

ఇంకో మాట, అన్ని జంతువుల్నీ ఒకే గాటన కట్టొద్దు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) వాళ్ళకి మైక్ అనే పేరుతో ఒకదాని తర్వాత ఒక పులి ఉంటోంది, 1936 నుంచీ. 2017లో వాళ్ళే ఇక పులిని మ్యాచ్‌లకి తీసుకురాం అని నిర్ణయించారు, నాకు అది సరైన నిర్ణయమే అనిపించింది. పులి అడవి జంతువు, దానికి మనుషుల అరుపులు ఎందుకు. కొలరాడో యూనివర్సిటీలో రాల్ఫీ అనే అడవిదున్న మ్యాచ్ ముందు గ్రౌండ్ అంతా పరిగెడుతుంది, అందులో ఐదో రాల్ఫీ మరీ వేగంగా పరిగెడుతూ మాట వినట్లేదని 2019లో రిటైర్ చేశారు, అదీ మంచి పనే. ఏ అండ్ ఎం వాళ్ళ రెవెలీ కుక్క, కేడెట్లతో పాటే ఉంటుంది, క్లాసులకీ వెళ్తుంది. ఎద్దు ఈ కుక్క లాంటిది, ఆ పులి లాంటిది కాదు. వేల ఏళ్ళుగా మనిషి పక్కన, మనిషి గొంతు వింటూ బతికిన ప్రాణి. మన దగ్గర కూడా ఇదే గొడవ జరిగింది కదా, 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల పందేలు ఆపింది, 2023 మేలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాల్ని సరే అంది. మధ్యలో తొమ్మిదేళ్ళు. బీవో అయితే పరిగెత్తడు, బండ లాగడు, ఎవరితో పోట్లాడడు, నిలబడతాడు లేదా పడుకుంటాడు, అంతే వాడి పని.

ఇప్పుడు బీవోని పక్కన పెడితే మామూలు జనానికి ఏమవుతుందో రాస్తాను, పెద్దలు కాస్త ఓపిగ్గా చదవాలి.

1. టికెట్ కొనలేనివాళ్ళు. పెద్ద మ్యాచ్ టికెట్ వందల డాలర్లు ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో మా రూమ్‌లో నలుగురం, నెల ఖర్చులకే చాలేది కాదు. కానీ మ్యాచ్ రోజు పొద్దున రోడ్డు మీద బీవో వచ్చేటప్పుడు చూడ్డానికి పైసా అక్కర్లేదు. హోటల్లో పనిచేసే తల్లి, భుజాల మీద పిల్లాడు, పక్కన లాయరు, పక్కన నేను, అందరం ఒకే తాడు ఇవతల నిలబడేవాళ్ళం. ఈ యూనివర్సిటీలో అందరికీ ఉచితంగా దొరికే కొద్ది వాటిల్లో అది ఒకటి.

2. పలుపు పట్టుకునే పిల్లలు. బీవోని చూసుకునేది సిల్వర్ స్పర్స్ అనే విద్యార్థి సంఘం, 1937లో పెట్టింది. ఇంత పెద్ద ప్రాణికి తాము బాధ్యులమని తెలిసి మెలగడం, దాని ఒళ్ళు కాస్త బిగుసుకున్నా గుర్తుపట్టడం, ఇది ఏ క్లాస్‌రూమ్‌లోనూ రాదు. బొమ్మ తలకాయ తొడుక్కుని డాన్స్ చేసే మస్కట్ కూడా మాకుంది, పిల్లలకి సరదా, నాకూ ఇష్టమే, కానీ దానికి నీళ్ళు పెట్టాల్సిన పని లేదు.

3. జాతి. లాంగ్‌హార్న్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. 1927లో ప్రభుత్వం పూనుకుని ఓక్లహోమాలో విచిటా మౌంటెన్స్ దగ్గర ఒక మంద పెంచితే నిలబడింది. జనం కళ్ళముందు ఉన్న జాతినే జనం కాపాడుకుంటారు. ఒంగోలు జాతి సంగతి చూడండి, బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో ఉన్నాయి, మా మండలంలో ఒక మంచి జత చూడాలంటే ఎక్కడుందో వాకబు చేసుకోవాలి. 2002లో హైదరాబాద్‌లో నేషనల్ గేమ్స్ జరిగినప్పుడు మస్కట్ ఒంగోలు గిత్తే, పేరు వీర. బొమ్మగా చాలా బాగుండేది. ఆ గేమ్స్ అయ్యాక గిత్త మళ్ళీ ఎవరికీ గుర్తు లేదు. బొమ్మకీ ప్రాణికీ తేడా నేను అక్కడ చూశాను.

4. దూరం నుంచి వచ్చిన పిల్లలు. ఇది నా సొంత అనుభవం. వచ్చిన మొదటి సెమిస్టర్‌లో నాకు ఎవరూ తెలీదు, ఇంగ్లీషు సరిగ్గా వచ్చేది కాదు, ఇంటికెళ్ళిపోదామా అనుకున్న రోజులున్నాయి. మొదటిసారి బీవోని దగ్గరగా చూసినప్పుడు వాసన వచ్చింది, చొప్ప, పేడ, వెచ్చటి ఒళ్ళు కలిసిన వాసన, మా కొట్టంలో వచ్చే వాసన. పక్కనున్న తెల్లాయన నేనెందుకు కళ్ళు తుడుచుకుంటున్నానో అడిగితే, మా ఇంట్లో ఎడ్లున్నాయని చెప్పా. ఆయన తాత కూడా పశువులు పెంచాడట. ఆ రోజు ఆయన నాకు చూపుడువేలు, చిటికెనవేలు ఎత్తి కొమ్ముల గుర్తు పట్టడం నేర్పాడు, 1955 నుంచీ ఇక్కడందరూ పట్టేది. స్కూల్ స్పిరిట్ అంటే ఏంటని మీరడిగితే నాకు తెలిసింది అదే. తర్వాత చాలా ఏళ్ళకి చదివాను, 2013లో ఇదే యూనివర్సిటీ పరిశోధకులు లాంగ్‌హార్న్ జన్యువులు పరీక్షిస్తే అందులో దాదాపు 15 శాతం భారతదేశపు గొడ్ల వంశం ఉందని తేలింది. నాన్నకి ఫోన్ చేసి చెప్తే "మూపురం ఒక్కటే తప్పిపోయింది" అన్నాడు.

5. ఆ ఎద్దు. మామూలుగా అమెరికాలో మాంసానికి పెంచే ఎద్దు ఏడాదిన్నర, రెండేళ్ళు దాటకముందే కోతకెళ్తుంది. బీవో పదేళ్ళకి పైగా బతుకుతాడు, మేతకీ డాక్టరుకీ లోటు లేకుండా. వాడి కోసం బాధపడేవాళ్ళు ఆ మిగతా ఎడ్ల కోసం ఎంతమంది బాధపడుతున్నారో ఒకసారి ఆలోచించమని చేతులు జోడించి అడుగుతున్నా.

నేను అడిగేవి ఇవీ. ఏదీ గొంతెమ్మ కోరిక కాదు.

1. కాన్ఫరెన్స్ పెద్దలకి: చోటు చాలదు అంటే ఎంత చాలదో చెప్పండి. బీవోకి ఎన్ని అడుగులు కావాలి, స్టేడియంలో ఎన్ని ఉన్నాయి, ఆ లెక్క బయట పెట్టండి. లోపల నిజంగా కుదరకపోతే బయట ఒక కంచె వేసిన జాగా ఇవ్వండి, జనం అక్కడికొచ్చి చూస్తారు. ఇకముందు ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లకి బతికున్న మస్కట్ల విషయంలో రూల్ ఏంటో సీజన్ మొదలవకముందే రాసి పెట్టండి, మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు కాదు.

2. రెండు జంతువులు వచ్చే మ్యాచ్‌లలో వాటిని ఎదురెదురుగా ఎప్పుడూ తేకూడదు, ఫోటో కోసం అసలు తేకూడదు. కంచె తోస్తే పడేది కాకుండా నేలలో దిగేసింది ఉండాలి. 2019 మళ్ళీ జరిగితే మా వాదన మేమే ఓడిపోయినట్టు.

3. యూనివర్సిటీ పెద్దలకి: బీవో ఆరోగ్యం మీద పశువైద్యుడి రిపోర్టు ప్రతి సీజన్‌కీ అందరికీ కనపడేట్టు పెట్టండి. ఎంత ఎండకి మించితే తీసుకురారో ఒక అంకె చెప్పండి, సెప్టెంబర్‌లో టెక్సాస్ ఎండ మనిషికే కష్టం. డాక్టరు వద్దన్న రోజు ఎంత పెద్ద మ్యాచ్ అయినా వద్దు. దాచడానికి ఏమీ లేనప్పుడు చూపించడానికి భయమెందుకు?

4. జంతు ప్రేమికులకి: మీరు వేరే పక్షం అని నేను అనుకోవట్లేదు. మీకు నమ్మకమున్న పశువైద్యుణ్ణి తీసుకుని ఒక మ్యాచ్ మొత్తం బీవో పక్కన కూర్చోండి, అలా కూర్చోనివ్వమని యూనివర్సిటీని నేనూ అడుగుతాను. నెమరు లెక్కపెట్టండి, ఊపిరి లెక్కపెట్టండి. ఆ ఎద్దు బాధపడుతోందని మీ డాక్టరు రాసిస్తే ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటా, మీతో పాటు నేనే ముందు సంతకం పెడతా.

5. మన తెలుగువాళ్ళకి: సీడర్ పార్క్, రౌండ్ రాక్, ఫ్రిస్కో, ఇర్వింగ్, ఎక్కడున్నా సరే, ఇక్కడ చదివినవాళ్ళు వేలల్లో ఉన్నాం. ఉద్యోగాల గురించీ వీసాల గురించీ గంటలు మాట్లాడుకుంటాం, ఈ కాలేజీ సంగతులు మాత్రం మనవి కావన్నట్టు ఉంటాం. ఫీజు కట్టాం, పట్టా తీసుకున్నాం, ఇది మన కాలేజీ కూడా. పూర్వ విద్యార్థులుగా తలా ఒక ఉత్తరం రాయండి. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక శనివారం పొద్దున రోడ్డు పక్కకి తీసుకురండి. పశువులు తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళేమంటారో అది కూడా ఉత్తరంలో రాయండి, వాళ్ళ మాటకి విలువుంది.

ఈ ఉత్తరం ఇంగ్లీషు కాపీ మళ్ళీ అదే చోటికి పంపుతున్నా, ఇది మూడోసారి. జవాబు ఇంగ్లీషులో ఇచ్చినా పర్వాలేదు. నాన్న ప్రతి ఆదివారం ఫోన్‌లో "ఆ ఎద్దు సంగతి ఏమన్నారు" అని అడుగుతున్నాడు, తెలుగులో చదివి వినిపిస్తా.

ఇట్లు,
ఒంగోలు ఎడ్ల మధ్య పెరిగిన ఒక లాంగ్‌హార్న్,
ఆస్టిన్, టెక్సాస్